గని మూతపడితే ప్రయోగశాల అవుతుందా? కోలార్ నేర్పిన పాఠం, ఛత్తీస్‌గఢ్ ముందున్న ప్రశ్న

రాయ్‌పూర్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి పుట్టినప్పటి పేరు వేరు. 1956లో శంకుస్థాపన జరిగినప్పుడు అది ప్రభుత్వ మైనింగ్, మెటలర్జీ కళాశాల. పక్కనే భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం రాబోతున్న రోజులవి. గనులు తవ్వడానికి, లోహం తీయడానికి ఇంజినీర్లు కావాలి కాబట్టి ఆ కళాశాల పెట్టారు. తర్వాత అది ఇంజినీరింగ్ కళాశాలగా పెరిగి, 2005లో నిట్ అయింది.

ఈ ఏడు దశాబ్దాల్లో ఛత్తీస్‌గఢ్ బొగ్గు, ఇనుప ఖనిజం, సున్నపురాయి, బాక్సైట్ తవ్వి దేశమంతటికీ పంపింది. ఇందులో తెలుగువారికీ సంబంధం ఉంది. బైలాడిలా కొండల్లోని ఇనుప ఖనిజం కిరండూల్-కొత్తవలస రైలు మార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. ఆ గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

గని ఏదైనా ఒకరోజు అయిపోతుంది. ఆ తర్వాత ఆ గొయ్యిని, ఆ సొరంగాన్ని ఏం చేయాలి? చెరువుగా వదిలేయడం, మట్టితో పూడ్చి మొక్కలు నాటడం, పడవ షికారు పెట్టడం మనకు తెలిసిన జవాబులు. ప్రపంచంలో కొన్నిచోట్ల మరో జవాబు దొరికింది. పాత గనులు శాస్త్ర పరిశోధన కేంద్రాలయ్యాయి. వాటిలో చేసిన పనికి నోబెల్ బహుమతులు కూడా వచ్చాయి.

ఈ దారిలో మొదట నడిచిన దేశాల్లో భారత్ ఒకటి. అది జరిగింది కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో. ఆ ప్రయోగశాల మనకు మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో తెలిస్తే, ఛత్తీస్‌గఢ్‌లోనూ తెలుగు రాష్ట్రాల్లోనూ మూతపడబోయే గనుల విషయంలో ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో కొంత తెలుస్తుంది.

శాస్త్రవేత్తలకు గనితో పనేంటి?

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు భూమి వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు మ్యూయాన్లు అనే కణాలు పుడతాయి. అవి నిరంతరం నేల మీద కురుస్తూనే ఉంటాయి. చాచిన అరచేతిలోంచి నిమిషానికి దాదాపు వంద మ్యూయాన్లు దూసుకుపోతాయి. మనకు తెలియదు, బాధ కూడా ఉండదు. కానీ సున్నితమైన పరికరానికి అదంతా రొద. సంతలో నిలబడి గుసగుస వినడానికి ప్రయత్నించడం లాంటిది.

న్యూట్రినో అనే కణం చేసేది గుసగుసే. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు ప్రతి చదరపు సెంటీమీటరులోంచి సెకనుకు 6,500 కోట్ల వరకు వెళ్తాయి. దాదాపు ఏదీ దేన్నీ తాకదు. ఎప్పుడో ఒకటి ఒక అణువును ఢీకొంటే ఆ చిన్న మెరుపును పట్టుకోవాలి. విశ్వంలో ఎక్కువ భాగం పదార్థం కంటికి కనిపించని డార్క్ మ్యాటర్ అని అంటున్నారు కదా, దాన్ని వెతకడం ఇంకా కష్టం.

ఆ రొదను ఆపగలిగేది రాయి. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల రాతి పొర కింద మ్యూయాన్లు లక్షల రెట్లు, కోట్ల రెట్లు తగ్గిపోతాయి. న్యూట్రినోలకు మాత్రం ఆ రాయి లెక్కే కాదు. అందుకే అవి మిగులుతాయి. అంత లోతుకు కొత్తగా సొరంగం తవ్వాలంటే భారీ ఖర్చు. గనిలో ఆ సొరంగం అప్పటికే ఉంటుంది. దిగడానికి షాఫ్ట్, లిఫ్ట్, గాలి ఆడే ఏర్పాటు, కరెంటు, నీళ్లు తోడే పంపులు, ఆ రాయి గుణం తెలిసిన మనుషులు, అన్నీ ఉంటాయి.

కోలార్‌లో ఏం జరిగింది?

కోలార్ బంగారు గనుల్లో ఆధునిక తవ్వకాన్ని 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ మొదలుపెట్టింది. శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి 1902లోనే అక్కడికి కరెంటు వచ్చింది. చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న ప్రాంతం కావడంతో కోలార్ జిల్లాలో తెలుగు ఇప్పటికీ ఇళ్లలో వినిపించే భాష. గనిలోకి దిగినవారిలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాట్ తదితర ప్రాంతాల తమిళులు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువారూ ఉన్నారు. అక్కడి చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. ఒకప్పుడు ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల్లో అదొకటి. అంత లోతులో రాయి వేడి 60 డిగ్రీలు దాటేది.

ఈ లోతును హోమీ భాభా గమనించారు. ఆయన స్థాపించిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి యువ శాస్త్రవేత్త బి.వి. శ్రీకంఠన్ 1951లో కోలార్ వచ్చి, వేర్వేరు లోతుల్లో మ్యూయాన్లను కొలవడం మొదలుపెట్టారు. 1960ల తొలి ఏళ్లలో పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం వంటివారు ఆ కొలతలను ఇంకా కిందికి తీసుకెళ్లారు. అన్నిటికంటే లోతైన చోట దాదాపు రెండు నెలలు పరికరం నడిపినా ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు.

ఏమీ దొరక్కపోవడమే అక్కడ దొరికిన గొప్ప విషయం. అంత నిశ్శబ్దం ఉన్నచోట న్యూట్రినోను వినవచ్చు. సుమారు 2,300 మీటర్ల లోతులో, ఎదురెదురుగా గోడల్లా నిలబెట్టిన డిటెక్టర్లతో కొత్త ప్రయోగం మొదలైంది. పై నుంచి దిగే మ్యూయాన్లు దాదాపు నిలువుగా వస్తాయి. అడ్డంగా వచ్చి రెండు గోడలనూ దాటిన కణం కనిపిస్తే, అది చుట్టూ ఉన్న రాతిలో న్యూట్రినో ఢీకొనడం వల్ల పుట్టిందే అయి ఉండాలి. బ్రిటన్‌లోని డర్హామ్ విశ్వవిద్యాలయం, జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం ఇందులో భాగస్వాములు.

1965లో ఆ కణాలు దొరికాయి. వాతావరణంలో సహజంగా పుట్టే న్యూట్రినోల జాడను పట్టుకున్నట్లు ప్రకటించిన తొలి పరిశోధన పత్రం కోలార్ బృందానిదే. అది ఆగస్టు మధ్యలో అచ్చయింది. దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ రాండ్ బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం చేసిన ప్రయోగ ఫలితాలు రెండు వారాల తేడాతో వచ్చాయి. కణాన్ని ముందుగా చూసింది ఆ బృందం, ముందుగా ప్రచురించింది ఈ బృందం. రెండూ బంగారు గనులే, రెండూ అప్పటికి నడుస్తున్న గనులే.

1980లో కోలార్‌లో మరో పెద్ద ప్రయోగం మొదలైంది. ప్రోటాన్ ఎప్పటికైనా విచ్ఛిన్నమవుతుందా అన్నది ప్రశ్న. అందుకోసం 140 టన్నుల ఇనుప పలకలు, వాటి మధ్య కణాలను గుర్తించే గొట్టాలతో ఒక డిటెక్టర్‌ను గనిలో అమర్చారు. ప్రత్యేకంగా ఈ ప్రశ్న కోసమే కట్టిన తొలి పెద్ద ప్రయోగాల్లో ఇదొకటి. తర్వాత 260 టన్నుల రెండో డిటెక్టర్ వచ్చింది. ప్రోటాన్ విచ్ఛిన్నమై ఉండొచ్చని కోలార్ బృందం చూపిన సంఘటనలను ఇతర దేశాల్లోని ఇంకా పెద్ద డిటెక్టర్లు నిర్ధారించలేదు. అయినా భూమి లోపల భారీ డిటెక్టర్ నడిపే విద్యలో భారత్ ముందు వరుసలో నిలిచింది.

పంపులు ఆగాక

గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1972లో కేంద్రం ఆధ్వర్యంలోని భారత్ గోల్డ్ మైన్స్ చేతికి వచ్చాయి. అప్పటికే లోతు పెరిగి ఖర్చు పెరిగింది, టన్ను రాతికి దొరికే బంగారం తగ్గింది. 1990ల మొదట్లో లోతైన అంతస్తులు ఒక్కొక్కటే మూతపడటంతో భౌతిక శాస్త్ర ప్రయోగాలూ ఆగిపోయాయి. 2001 ఫిబ్రవరి 28న గని పూర్తిగా మూతపడింది.

గనిలో నీరు ఊరడం ఎప్పుడూ ఆగదు. పంపులు నడిచినంతకాలం అది కనిపించదు. పంపులు ఆగగానే కింది అంతస్తు నుంచి మొదలై ఒక్కో అంతస్తు మునుగుతూ వస్తుంది. నీటిలో ఉన్న ఇనుప కట్టడాలు తుప్పు పడతాయి, ఆధారాలు వదులవుతాయి. కోలార్ లోతు అలాగే నీటి పాలైంది. నాలుగు దశాబ్దాలపాటు శాస్త్రవేత్తలు వాడిన ఆ చోటుకు ఇప్పుడు దిగే దారి లేదు.

పైన మిగిలినవి సైనైడ్ దిబ్బలు. బంగారం తీశాక వదిలిన పిండి మట్టి 13 దిబ్బలుగా, దాదాపు 3.3 కోట్ల టన్నులు ఉంది. గాలి వీస్తే ఊరి మీదికే వస్తుంది. పని పోయినవాళ్ల పిల్లలు తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు వెళ్లి, రాత్రికి తిరిగొస్తున్నారు. దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్లీ తీసే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతి తెలిపింది. భూమి కింద ఉన్న ప్రయోగశాల గురించి మాట్లాడేవారు లేరు.

కోలార్‌లో పరిశోధన అసలు మిగల్లేదని కాదు. గనిలో రాళ్లు ఒత్తిడికి పేలిపోయే ప్రమాదాలను దశాబ్దాలపాటు అధ్యయనం చేసిన అనుభవంతో, 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ అక్కడే ఏర్పాటైంది. ఆనకట్టలకు, సొరంగాలకు రాతి బలాన్ని అంచనా వేయడంలో ఆ సంస్థకు పేరుంది. అయితే దాని ప్రధాన కార్యాలయం తర్వాత బెంగళూరుకు మారింది.

గని పోయాక భారత శాస్త్రవేత్తలు కొత్త చోటు వెతుక్కోవలసి వచ్చింది. తమిళనాడులోని థేని జిల్లా బోడి కొండల కింద కొత్త సొరంగం తవ్వి న్యూట్రినో అబ్జర్వేటరీ కట్టాలనుకున్నారు. 50 వేల టన్నుల ఇనుప డిటెక్టర్‌తో, సుమారు రూ.1,500 కోట్ల ఖర్చుతో తలపెట్టిన ఆ పథకానికి 2015 మొదట్లో కేంద్రం ఆమోదం దొరికింది. పశ్చిమ కనుమలకు, నీటి వనరులకు హాని జరుగుతుందంటూ స్థానికులు వ్యతిరేకించారు. అనుమతి ఇవ్వలేమని తమిళనాడు ప్రభుత్వం 2022లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఉన్న గొయ్యిని వదులుకున్న దేశం కొత్త గొయ్యి తవ్వుకోలేకపోయింది.

అమెరికాలో ఆఖరి నిమిషంలో దక్కిన గని

ఇలాంటి కథే అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో మరోలా ముగిసింది. లెడ్ పట్టణంలోని హోమ్‌స్టేక్ బంగారు గని 1870ల నుంచి నడిచింది. అక్కడ 1,478 మీటర్ల లోతులో రేమండ్ డేవిస్ అనే శాస్త్రవేత్త 1960లలో ఒక పెద్ద ట్యాంకు పెట్టి, అందులో 3.8 లక్షల లీటర్ల ద్రావకం నింపారు. బట్టల డ్రైక్లీనింగ్‌కు వాడే ద్రావకమే అది. సూర్యుడి న్యూట్రినోలను దానితో పట్టుకున్నారు. ఆ పనికి 2002లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. సరిగ్గా అదే ఏడాది గని మూతపడింది.

గనిని పరిశోధనకు ఉంచాలని శాస్త్రవేత్తలు అడిగారు. పంపులు ఎవరు నడపాలి, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అనే విషయంలో చర్చలు సాగుతుండగానే 2003 జూన్‌లో కంపెనీ పంపులు ఆపేసింది. నీరు పైకి రావడం మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం 2004లో ఇందుకోసమే ఒక సంస్థను ఏర్పాటు చేసింది. 2006లో బారిక్ కంపెనీ గనిని రాష్ట్రానికి ఉచితంగా ఇచ్చింది. డెన్నీ శాన్‌ఫోర్డ్ అనే సంపన్నుడు 7 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించారు. 2008లో పంపులు మళ్లీ మొదలయ్యేనాటికి నీరు డేవిస్ ప్రయోగశాలను ముంచి ఇంకా పైకి వచ్చేసింది. మరుసటి ఏడాదికి ఆ అంతస్తు బయటపడింది.

ఇప్పుడది శాన్‌ఫోర్డ్ అండర్‌గ్రౌండ్ రీసెర్చ్ ఫెసిలిటీ. డేవిస్ ట్యాంకు ఉన్న చోటే 10 టన్నుల ద్రవ జెనాన్‌తో డార్క్ మ్యాటర్ కోసం వెతుకుతున్నారు. 1,300 కిలోమీటర్ల దూరంలోని ఫెర్మీల్యాబ్ నుంచి భూమి గుండా పంపే న్యూట్రినోలను పట్టుకునే డ్యూన్ ప్రయోగం కోసం కొత్త గుహలు తవ్వారు. 2024 ఫిబ్రవరిలో పూర్తయిన ఆ తవ్వకంలో సుమారు 8 లక్షల టన్నుల రాయి బయటికి వచ్చింది. దాన్ని పాత హోమ్‌స్టేక్ ఓపెన్‌కాస్ట్ గోతిలోనే పోశారు.

అయిదేళ్లు పంపులు ఆగినందుకు ఆ రాష్ట్రం చెల్లించిన మూల్యం చాలా పెద్దది. అయినా అక్కడ గనిని సొంతం చేసుకోగల సంస్థ, డబ్బు, రాజకీయ పట్టుదల దొరికాయి. కోలార్‌కు ఆ మూడూ దొరకలేదు.

నడుస్తున్న గనిలోనే మొదలైతే

నీటితో ఈ పరుగుపందెం లేకుండా విజయవంతమైన కేంద్రాలను చూస్తే ఒక విషయం తేలుతుంది. అవి గని నడుస్తుండగానే మొదలయ్యాయి, లేదా మూతపడ్డాక కూడా పంపులు ఆపకుండా చూసుకున్నాయి.

జపాన్‌లోని కామియోకా గనిలో సీసం, జింకు తీసేవారు. గని నడుస్తున్నప్పుడే 1983లో అక్కడ కామియోకాండే డిటెక్టర్ పని మొదలుపెట్టింది. 1987లో దూరపు నక్షత్రం ఒకటి పేలినప్పుడు అక్కడ 11 న్యూట్రినోలు నమోదయ్యాయి. మసతోషి కోషిబాకు 2002లో నోబెల్ తెచ్చింది అదే. 50 వేల టన్నుల నీటితో సూపర్ కామియోకాండే 1996లో మొదలైంది, గనిలో తవ్వకం ఆగింది 2001లో. అప్పటికే ప్రయోగశాల నిలదొక్కుకుంది. అక్కడి పరిశోధనకే తకాకి కజితా 2015లో నోబెల్ అందుకున్నారు.

కామియోకాకు ఇంకో ముఖం ఉంది. ఆ గని నుంచి జింజు నదిలోకి కలిసిన కాడ్మియం వల్ల కింది గ్రామాల రైతులకు ఎముకలు పెళుసుబారి విరిగిపోయే ఇటాయ్ ఇటాయ్ వ్యాధి వచ్చింది. జపాన్ ప్రభుత్వం 1968లో దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధిగా గుర్తించింది. నోబెల్ బహుమతులు ఆ చరిత్రను చెరపలేవు. గనికి పరిశోధన కొత్త జీవితం ఇస్తుంది గానీ పాత బాకీ తీర్చదు.

అమెరికాలోని మిన్నెసోటాలో సౌదాన్ ఇనుప గని 1962లో మూతపడింది. రాష్ట్రం దాన్ని పార్కుగా మార్చి, పర్యాటకులను లోపలికి దించడం కోసం పంపులు, లిఫ్ట్ నడుపుతూ వచ్చింది. ఆ కారణంగానే 1980లలో 700 మీటర్ల లోతున భౌతిక శాస్త్ర ప్రయోగశాల పెట్టగలిగారు. కెనడాలోని సడ్‌బరీ ప్రయోగశాల 2 కిలోమీటర్ల లోతులో ఉంది. చుట్టూ క్రైటన్ నికెల్ గని ఇప్పటికీ పనిచేస్తోంది. శాస్త్రవేత్తలు, కార్మికులు ఒకే లిఫ్ట్‌లో దిగుతారు.

భారత్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. ఛత్తీస్‌గఢ్ పొరుగు రాష్ట్రం జార్ఖండ్‌లో, యురేనియం కార్పొరేషన్‌కు చెందిన జాదూగూడ గనిలో 555 మీటర్ల లోతున 2017లో భూగర్భ శాస్త్ర ప్రయోగశాల ప్రారంభమైంది. కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్ శాస్త్రవేత్తలు అక్కడ డార్క్ మ్యాటర్ ప్రయోగాలు చేస్తున్నారు. కోలార్‌తో పోలిస్తే లోతు తక్కువ, గది చిన్నది. అయినా గని జీవించి ఉండగానే మొదలైంది. కడప జిల్లా తుమ్మలపల్లె గనిని నడిపేదీ ఈ కార్పొరేషనే. జాదూగూడ చుట్టుపక్కల ఆదివాసీ గ్రామాల్లో రేడియేషన్ ప్రభావంపై ఫిర్యాదులు, వాదోపవాదాలు దశాబ్దాలుగా ఉన్నాయి. అక్కడ పరిశోధన అంటే డార్క్ మ్యాటర్ ఒక్కటే అయితే ఆ గ్రామాలకు అది దూరపు మాటగానే ఉంటుంది.

ఓపెన్‌కాస్ట్ గొయ్యిలో ఏం పరిశోధన?

ఛత్తీస్‌గఢ్‌లో పెద్ద గనులు చాలావరకు ఓపెన్‌కాస్ట్. కోర్బాలోని గెవ్రా బొగ్గు గని, బైలాడిలా ఇనుప గనులు, రాయ్‌పూర్, బలౌదా బజార్ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గోతులు అన్నీ అంతే. ఆకాశం కనిపించే గొయ్యిలో న్యూట్రినో ప్రయోగం కుదరదు. భూగర్భ బొగ్గు గనులున్నా వాటి లోతు తక్కువ, రాయి మెత్తన, మీథేన్ వాయువు ప్రమాదం ఉంటుంది. కోలార్ నమూనాను తెచ్చి కోర్బాలో పెట్టలేం.

గొయ్యికి తగిన శాస్త్రం వేరే ఉంది. జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గర మెసెల్ అనే చోట 1971 దాకా ఆయిల్ షేల్ తవ్వారు. ఆ తర్వాత దాన్ని చెత్త పోసే డంపింగ్ యార్డుగా మార్చాలనుకున్నారు. శాస్త్రవేత్తలు, స్థానికులు ఏళ్లపాటు పోరాడారు. 1991లో హెస్సె రాష్ట్రం ఆ గొయ్యిని కొనేసింది. 1995లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశమైంది. 4.7 కోట్ల ఏళ్ల నాటి చిన్న గుర్రాలు, గబ్బిలాలు, పక్షుల శిలాజాలు అక్కడ చర్మం, ఈకల ఆనవాళ్లతో సహా దొరుకుతున్నాయి.

అదే దేశంలో వెల్జోవ్ బొగ్గు గనిలో కాట్‌బస్ విశ్వవిద్యాలయం 2005లో 6 హెక్టార్ల కృత్రిమ పరీవాహక ప్రాంతాన్ని సిద్ధం చేసింది. గనిలోని మట్టినే పరిచి, మొక్కలు నాటకుండా వదిలేసి, వాన నీరు ఎలా పారుతుందో, మట్టిలో జీవం ఎలా మొదలవుతుందో, ఏ గడ్డి ముందు మొలుస్తుందో ఏళ్లతరబడి కొలిచారు. తవ్విన నేల ఎలా కోలుకుంటుందో తెలియాలంటే ఇలాంటి చోటే కావాలి. గని లేకపోతే ఆ ప్రయోగం లేదు.

ఛత్తీస్‌గఢ్‌కు ఈ రెండూ అక్కరకొస్తాయి. మనేంద్రగఢ్ దగ్గర హస్దేవ్ నది ఒడ్డున సుమారు 28 కోట్ల ఏళ్ల నాటి సముద్ర జీవుల శిలాజాలు ఉన్నాయి. 1982 నుంచి అది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. చుట్టూ ఉన్నది చిరిమిరి వంటి పాత బొగ్గు ఊళ్లు. ఇప్పుడు నేల మధ్యలో ఉన్న ఈ ప్రాంతంలోకి ఒకప్పుడు సముద్రం ఎలా వచ్చిందో చెప్పే పొరలు ఆ బొగ్గు పొరల పక్కనే ఉన్నాయి. రాయ్‌పూర్‌లో నిట్ ఉంది, 1964 నుంచి పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం ఉంది, 1987 నుంచి ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం ఉంది. గని ఇంజినీరు, భూగర్భ శాస్త్రజ్ఞుడు, మట్టి శాస్త్రజ్ఞుడు ముగ్గురూ ఒకే నగరంలో దొరుకుతారు.

ప్రస్తుతం మూతపడిన గనుల విషయంలో రాష్ట్రం చూపే ఉదాహరణలు పర్యాటకానివే. సూరజ్‌పూర్ జిల్లా బిష్రాంపూర్ ప్రాంతంలోని కేనాపారా బొగ్గు గొయ్యి నీటితో నిండిపోతే, అక్కడ బోటింగ్, నీటిమీద తేలే రెస్టారెంటు, బోనుల్లో చేపల పెంపకం పెట్టారు. స్థానికులకు కొంత ఉపాధి దొరికింది. ఆ నీటిలో ఏ లోహాలున్నాయి, చేపల్లోకి ఏం చేరుతోంది, గట్లు ఎంతకాలం నిలుస్తాయి అన్న ప్రశ్నలకు నిరంతరం జవాబు చెప్పే పరిశోధన కేంద్రం ఒకటి అలాంటి గొయ్యి పక్కన ఉంటే చేపలు తినేవారికీ పడవ ఎక్కేవారికీ మేలు.

చట్టం ఏం చెబుతోంది?

గని మూసివేత ఇప్పుడు కంపెనీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలి. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు రూ.6 లక్షలు, భూగర్భ గనికి రూ.1 లక్ష లెక్కన ఎస్క్రో ఖాతాలో జమ చేయాలన్నారు. తర్వాత వీటిని సవరించారు. ఇతర ఖనిజాలకు 2017 నాటి నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం గని మూతపడటానికి రెండేళ్ల ముందే తుది ప్రణాళిక ఇవ్వాలి. వీటికి తోడు 2015 నుంచి గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధులు ఏర్పాటయ్యాయి. వాటి డబ్బును తాగునీరు, వైద్యం, విద్య వంటి అవసరాలకు ఖర్చు చేయాలి.

అంటే డబ్బుకు ఒక దారి ఉంది, సమయానికి ఒక గడువు ఉంది. లోపం ఆలోచనలో ఉంది. మూసివేత ప్రణాళిక అంటే యంత్రాలు తొలగించడం, షాఫ్ట్ మూతి మూసేయడం, గట్లు సరిచేయడం, మొక్కలు నాటడం అన్న అర్థమే స్థిరపడింది. పరిశోధనకు కావలసింది దీనికి దాదాపు వ్యతిరేకం. దారి తెరిచి ఉండాలి, కరెంటు ఉండాలి, పంపు నడవాలి, తవ్వకం నాటి మ్యాపులు, బోరుబావుల నమూనాలు, నీటి లెక్కలు భద్రంగా ఉండాలి. కంపెనీ వెళ్లిపోయిన మర్నాడు వీటిలో సగం దొరకవు. పాత ఇనుముగా అమ్మేసిన లిఫ్ట్‌ను మళ్లీ కొనడం, మునిగిన అంతస్తును మళ్లీ తోడటం ఎంత కష్టమో హోమ్‌స్టేక్ చూపించింది. రెండేళ్ల గడువు కూడా ఇందుకు సరిపోదు.

రాయ్‌పూర్‌కు దగ్గర్లోనే దీనికి పరీక్షగా నిలిచే ఊరు ఉంది. బాలోద్ జిల్లాలోని దల్లీ రాజ్‌హరా, 1950ల చివరి నుంచి భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం అందిస్తోంది. అక్కడి నిల్వలు తరిగిపోతున్నందునే రావ్‌ఘాట్ గనులను, వాటికి కొత్త రైలు మార్గాన్ని సిద్ధం చేస్తున్నారు. దల్లీ రాజ్‌హరా కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సంఘం పెట్టుకుని, తమ చేతులతో షహీద్ ఆస్పత్రి కట్టుకున్నవాళ్లు. అలాంటి ఊరు మరో కేజీఎఫ్ కావాలా, అరవై ఏళ్లు తవ్విన కొండ ఎలా కోలుకుంటుందో దేశానికి చెప్పే చోటు కావాలా అన్నది ఖనిజం పూర్తిగా అయిపోకముందే తేలాలి.

ఉద్యోగాలు వస్తాయా?

గని ఇచ్చినన్ని ఉద్యోగాలు ప్రయోగశాల ఇవ్వలేదు. ఇది ముందే ఒప్పుకోవాలి. వేలమంది దిగే గనిలో ప్రయోగశాల పెడితే పని దొరికేది వందల్లో. భౌతిక శాస్త్ర పట్టాలున్నవారు బయటి నుంచి వస్తారు. అయితే ఆ వందల్లో స్థానికులకు చోటు ఉంటుంది. లిఫ్ట్ నడపడం, పైకప్పుకు ఆధారాలు బిగించడం, గాలి, నీరు చూసుకోవడం పాత గని కార్మికుడికి తెలిసిన పనులు. హోమ్‌స్టేక్‌ను తిరిగి తెరిచినప్పుడు పాత గని కార్మికులే ముందుగా దిగారు. ఓపెన్‌కాస్ట్ పరిశోధన కేంద్రంలో నీటి నమూనాలు తీయడం, నర్సరీలు పెంచడం, కొలతలు నమోదు చేయడం చుట్టుపక్కల గ్రామాల యువతకు నేర్పగల పనులు.

పరిశోధన కేంద్రాన్ని ఉపాధి పథకంగా చూపిస్తే నిరాశే మిగులుతుంది. గని పోయాక కూడా ఆ ఊరిని పట్టించుకునే ఒక ప్రభుత్వ సంస్థ అక్కడే ఉండటం, దాని దగ్గర ఆ నేల, నీటి లెక్కలు ఉండటం దీనివల్ల వచ్చే అసలు ప్రయోజనం. కోలార్‌లో సైనైడ్ దిబ్బల గాలిని రోజూ కొలిచి ఊరికి చెప్పే సంస్థ ఒకటి మిగిలి ఉంటే, గత పాతికేళ్ల వాదనలు వేరేగా నడిచేవి.

ఎప్పుడు నిర్ణయించాలి?

ఇన్ని గనుల అనుభవం కలిపి చూస్తే నిర్ణయానికి సరైన సమయం ఏదో స్పష్టమవుతుంది. గనిలో ఇంకా ఖనిజం ఉండగానే, కంపెనీ ఇంకా లాభంలో ఉండగానే, పంపులు నడుస్తుండగానే. అప్పుడు మూడు విషయాలు కాగితం మీద తేలాలి. మూసివేత తర్వాత ఆ స్థలం ఎవరిది? పంపు, కరెంటు ఖర్చు ఎవరు భరిస్తారు? ప్రమాదం జరిగినా, కాలుష్యం బయటపడినా ఎవరు బాధ్యులు? హోమ్‌స్టేక్‌లో చర్చలు ఇరుక్కుపోయింది ఇక్కడే. కోలార్‌లో ఈ ప్రశ్నలు అడిగేలోపే నీరు వచ్చేసింది.

ఛత్తీస్‌గఢ్‌లో ప్రతి గనీ పరిశోధన కేంద్రం కాలేదు, కానక్కర్లేదు. చాలావాటికి మంచి నేల, మంచి నీరు తిరిగి ఇస్తే చాలు. కానీ ఏది ఎందుకు పనికొస్తుందో చూసే లెక్క ఒకటి ఉండాలి. ఏ గనికి ఎంత లోతు, ఏ రాయి, ఎంత నీరు, ఇంకా ఎన్నేళ్ల ఖనిజం అన్న పట్టిక తయారు చేయడానికి కావలసిన సమాచారం ఎన్‌ఎండీసీ, సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్, భిలాయ్ కర్మాగారం దగ్గర ఇప్పటికే ఉంది. చదవగలిగినవాళ్లు రాయ్‌పూర్ నిట్‌లో ఉన్నారు. సింగరేణి ఉన్న తెలంగాణకు, తుమ్మలపల్లె ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు కూడా అదే పట్టిక అవసరం. మూసివేత ప్రణాళికలో పరిశోధన అనే ఒక గడి చేర్చి, దాన్ని గని చివరి పదేళ్లలో నింపాలని నిబంధన పెట్టడానికి కొత్త గుహ తవ్వాల్సిన పనిలేదు. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఒక్కో గనీ కోలార్ దారినే వెళ్తుంది.